సారా రుచి చెప్పిన నోరు

మా ఇంట్లో సారా అన్న మాట పలకరు. పలకవలసి వస్తే "అది" అంటారు. పద్దెనిమిదేళ్ళు ఆ "అది" నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసి, బాగుందో లేదో చెప్పి బతికినవాణ్ణి నేను. ఒక్క చుక్క గొంతు దిగలేదు. ఈ మాట నమ్మినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురే. బట్టీలో పీపాలు చూసుకునే ముసలివాడు ఒకడు, మా కులపెద్దల్లో ఒకాయన ఇంకొకరు, మూడోది నా భార్య. మూడో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం గురించే ఇదంతా రాస్తున్నాను.

రాజమహేంద్రవరం బజారులో మాది బెల్లం కొట్టు. గోదావరి మీద రైలు వంతెన అప్పటికి లేదు. తాటిబెల్లం పడవల మీద రేవుకొచ్చేది. చిటికెడు నోట్లో వేసుకుంటే అది ఏ వైపు నుంచి వచ్చిందో, సున్నం ఎక్కువ పడిందో తక్కువ పడిందో, కాచేటప్పుడు అడుగంటిందో, పడవలో దాని పక్కన ఏ సరుకు పెట్టారో నేను చెప్పేవాణ్ణి. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు, ఆ ఒక్క విషయంలో నాకు గర్వం ఉంది.

కాలవగట్టు మీద సారాబట్టీ నడిపే దొర మా దగ్గర బెల్లం కొనేవాడు. ఒకసారి అతను బేరం కుదుర్చుకున్న సరుకు నేను ఇవ్వనన్నాను. "ఈ బెల్లం ఆముదం కుండల పక్కన ప్రయాణం చేసింది, మీ సారాకి ఆ కంపు పడుతుంది" అన్నాను. దొర నవ్వి పట్టుకెళ్ళాడు. నెల తిరక్కుండా వచ్చి, ఈ కుర్రాణ్ణి నాకివ్వమని మా నాన్నగారిని అడిగాడు. పెళ్ళయి రెండేళ్ళు దాటిన నన్ను కుర్రాడనడం నాకు నచ్చలేదు గాని, అంత దూరం నా నాలుక వెతుక్కుంటూ వచ్చాడంటే లోపల పొంగిపోయాను.

దొర దగ్గర రెండు రకాల సారా ఉండేది. బట్టీ దిగగానే ఊళ్ళమీదికి పోయేది ఒకటి. ఏళ్ళ తరబడి చెక్కపీపాల్లో ముదరబెట్టి, కాకినాడ రేవు నుంచి ఓడలెక్కించేది రెండోది. ఏ పీపా ముదిరింది, ఏది ఇంకా ఉండాలి, ఏది చెడిందీ అని చెప్పడమే నా పని. నాకు ముందు ఆ పని చేసినాయన రుచి చూసిందల్లా మింగేవాడట. మధ్యాహ్నం అయ్యేసరికి ఆయనకి అన్ని పీపాలూ అమృతంలా ఉండేవట.

మా కులపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్ళలో పెద్దాయన, "గొంతు దిగనంతవరకూ దోషం లేదురా" అని తేల్చాడు. తేల్చి, కాస్త ఆగి, "అయినా నోరు నోరే కదా" అన్నాడు. దాంతో ఆ పైన ఏ పెళ్ళిలోనైనా నాకు బంతి చివర, అందరికీ కొంచెం ఎడంగా ఆకు వేసేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదవడం వల్లే ఊరు నాకు దూరమైంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనే లోకం ఇది. మరి నేను ఆ చెట్టు కింద పాలు కూడా తాగడం లేదు కదా, ఎవరితో వాదించను?

మొదటి నెలలోనే నా గర్వం అణిగింది. పదిమంది తాకిన గ్లాసు నోట పెట్టనని చెప్పి, ఇంటినుంచి మోదుగాకు దొప్పలు కుట్టించుకుని వెళ్ళేవాణ్ణి. ఒక్కో పీపాకి ఒక్కో దొప్ప, తర్వాత పారేయడమే. ఒక పీపా, రెండు పీపాలు, పది పీపాలు, అన్నిట్లోనూ పచ్చి ఆకు వాసన ఉందని చెప్పాను. దొర ముఖం నల్లబడింది. పీపాల ముసలివాడు తల గోక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"శెట్టిగారండి, తమరు కోప్పడనంటే ఓ మాటండి. ఆ ఆకు వాసన పీపాది కాదండి, తమరి దొప్పదండి, ఆయ్."

మర్నాడు నా సొంత గాజుగ్లాసు ఒకటి కొనుక్కుని, తాళం వేసే పెట్టెలో పెట్టుకున్నాను. ముసలివాడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతను పట్టిసీమ వైపు నుంచి వచ్చిన పల్లెవాడు. చేపలు పట్టడం మానేశాక పడవలకి మరమ్మతులు చేసేవాడు. చెక్క పలకల సందులోంచి నీళ్ళు రాకుండా చూసినవాడికి సారా పోకుండా చూడడం ఒక లెక్కా అని దొర అతన్ని పెట్టుకున్నాడు. నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్ద. నేను అతన్ని తాతా అనేవాణ్ణి, అతను నన్ను తమరనేవాడు.

పని ఎలా ఉండేదో చెప్తాను. పీపా బిరడా తీసి, తాత సన్నని వెదురు గొట్టం దించి, పై కన్నం బొటనవేలితో మూసి ఎత్తి, నా గ్లాసులో వదిలేవాడు. ముందు వెలుతురుకి పెట్టి రంగు చూడాలి. తర్వాత రెండు చుక్కలు అరచేతిలో రుద్దుకుని ఆరనివ్వాలి. ముందు ముక్కుకి తగిలే ఘాటు సారాది, చెయ్యి ఆరాక మిగిలేది వయసుది. ఆఖరికి నోట్లో పోసుకుని పది లెక్కపెట్టి ఉమ్మేయాలి. ఉమ్మేశాక కూడా కాసేపు మాట్లాడకూడదు. మంచి పీపా అప్పుడే మాట్లాడుతుంది.

అది ఏం చెప్పేదో చెప్పడానికి నాకు మనిషి దొరకలేదు. "ముందు తాటితాండ్ర, మధ్యలో కొంచెం పొగ, చివర వక్క నమిలాక మిగిలే వగరు" అనేవాణ్ణి. పక్కన కూర్చున్న గుమాస్తా "గుడ్" అని రాసుకునేవాడు. "వానకి తడిసి ఎండిన చాప, అడుగున పులిసిన గంజి" అంటే "బ్యాడ్" అని రాసేవాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ పుస్తకంలో ఈ రెండు మాటలు తప్ప మూడోది పడలేదు. తాత వినేవాడు గాని, "తమరికి తెలవాలండి, మాకు మంటొక్కటే తెలుద్దండి" అని నవ్వేసేవాడు.

ఇక ఇల్లు.

మాలో అప్పట్లో భర్త తిని లేచిన ఆకులోనే భార్య కూర్చుని తినేది. భర్త ఆమె కోసం ఒక ముద్ద ఉంచి లేవాలి. పగటిపూట పదిమందిలో పెళ్ళాంతో మాట్లాడని రోజులవి. ఆ ముద్దే మాట. పెళ్ళయిన కొత్తలో నేను వంకాయకూరలో లేత ముక్క ఏరి ఆకు అంచున ఉంచేవాణ్ణి. ఆమె ఏమీ అనేది కాదు, మర్నాడు నాకు నెయ్యి ఒక గరిటె ఎక్కువ పడేది.

బట్టీలో చేరాక నా తిండి మారింది. కారం, పులుపు, ఇంగువ, తాంబూలం అన్నీ మానేశాను. నాలుక మీద ఇంకో రుచి ఉంటే పీపా రుచి అబద్ధం చెబుతుంది. ఉప్పు కూడా లేని చప్పిడి పప్పు, చప్పిడి కూర నాకు విడిగా వండేది. గోదావరి జిల్లాలో పుట్టి ఆవకాయ జాడీ మూత తీస్తే పక్కగదిలోకి పారిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. చేరిన రెండో వారంలో ఒకరోజు భోంచేసి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, ఆమె పెరట్లోంచి ఇంకో అరిటాకు కోసుకొచ్చి వేసుకుని కూర్చుంది. నన్ను చూసి తల దించుకుంది. నేను ఉంచిన ముద్ద నా ఆకులో అలాగే ఉంది.

నేనేమీ అడగలేదు. ఏమని అడగను? బంతి చివర కూర్చోబెట్టిన వాళ్ళని అడిగానా? మర్నాడు మెతుకు మిగలకుండా తిని, నా ఆకు నేనే మడిచి పట్టుకెళ్ళి పెంటమీద పారేశాను. మగవాడు తన ఆకు తాను తీయడం మా ఇళ్ళల్లో లేదు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె కూడా ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి పద్దెనిమిదేళ్ళు నా ఆకు నేనే తీసుకున్నాను.

మాకు పిల్లలు కలగలేదు. గోడకి అవతల తమ్ముడి సంసారం, ఇవతల మేమిద్దరం. ఆమె వడ్డించేది, నేను తినేవాణ్ణి. నేను బట్టీకి వెళ్ళాక ఆమె తినేది. పోట్లాట లేదు, ఒక కటువైన మాట లేదు. జ్వరమొస్తే ఆమె నుదుటి మీద నేను తడిగుడ్డ వేశాను, నాకొస్తే ఆమె వేసింది. అయినా నాకు ఒంటరిగా ఉండేది. సాయంత్రం నోట్లో ఏడేళ్ళ పీపా రుచి ఇంకా మెదులుతూ ఉండగా కాలవగట్టు మీద నడిచి వస్తూ, దీని గురించి ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకునేది. ఇంటికి రాగానే ఆరుసార్లు నోరు పుక్కిలించి, పైతుండు దండెం మీద పడేసి, మౌనంగా కూర్చునేవాణ్ణి. నా నోరంటే అసహ్యమున్న మనిషికి ఆ నోటి రుచి ఏం చెప్పను అనుకునేవాణ్ణి.

పద్దెనిమిదో ఏట వానాకాలంలో నాకు పెద్దజ్వరం వచ్చింది. ఇరవై రోజులకి లేచాను. లేచి మొదటిరోజు పెరట్లో సన్నజాజి పందిరి కిందికి వెళితే పూలు కనిపించాయి గాని వాసన లేదు. ఒక పువ్వు నలిపి చూశాను, లేదు. వంటింట్లో పోపు వేస్తున్న చప్పుడు వినిపించింది, వాసన లేదు. ఉప్పగా ఉంటే ఉప్పని, పుల్లగా ఉంటే పులుపని నాలుక చెబుతోంది. అంతకు మించి ఏమీ లేదు. వంకాయో బీరకాయో కళ్ళతో చూసి తెలుసుకోవాలి.

ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. బట్టీకి వెళ్ళడం మొదలుపెట్టాను. రంగు తెలుసు, ఏ పీపా ఎన్నేళ్ళదో తెలుసు, నోట్లో మంట తెలుస్తూనే ఉంది. ఆ మూడింటితో, పద్దెనిమిదేళ్ళ పేరుతో రెండు నెలలు నెట్టుకొచ్చాను. "తాటితాండ్ర" అనేవాణ్ణి, గుమాస్తా "గుడ్" అని రాసేవాడు. సిగ్గుపడాల్సింది పోయి, అతను ఎంత తేలిగ్గా మోసపోతున్నాడో చూస్తే నాకు కోపం వచ్చేది.

ఒకరోజు తొమ్మిదేళ్ళ పీపా వంతు వచ్చింది. ఆ ఏడు ఓడెక్కవలసిన వాటిలో అది పెద్దది. గొట్టం ఎత్తుతూ తాత సగం కింద ఒలకబోశాడు, ముసలితనం అనుకున్నాను. రంగు చూశాను, చేతిలో రుద్దుకున్నాను, నోట్లో పోసుకుని పది లెక్కపెట్టి ఉమ్మేశాను. తుండుతో నోరు తుడుచుకుని, "బాగా ముదిరింది, పంపొచ్చు" అన్నాను. ఆ రోజు గుమ్మం దగ్గర కూర్చున్న గుమాస్తా రాసుకుని అవతలికి వెళ్ళాడు.

తాత నా కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు.

"నన్ను కాసేరండి శెట్టిగారు. మా పిల్లల మీదొట్టు, జన్మలో మర్చిపోనండి."

"ఏమైంది తాతా?" అన్నాను.

జ్వరంతో నేను లేని రోజుల్లో ఆ పీపా కారడం మొదలుపెట్టిందట. పీపా కారితే పలకల మధ్య ఎండు తుంగ కూరాలి, నూనె తగలకూడదు. చూపు ఆనని తాత, వాన హడావుడిలో, చెయ్యి అలవాటున పడవకి చేసినట్టే చేశాడు. నారా గుగ్గిలమూ చేపనూనెలో ముద్దచేసి సందుల్లో దట్టించాడు. నాలుగు రోజుల్లో పీపా మొత్తం చేప కంపెక్కింది. తెలిసి తీసేశాడు గాని, ఎక్కిన కంపు దిగుతుందా? అప్పటినుంచీ నా తీర్పు కోసం భయంతో చూస్తున్నాడు.

"పీపా దగ్గరికొస్తేనే కంపండి. తమరు నోట్లో ఎట్టుకుని కూడా బాగుందన్నారు. నాకోసవే కదండీ?"

అవునని తలూపితే సరిపోయేది. ఒక మనిషి కళ్ళకి దేవుడిలా కనబడే అవకాశం నాకు మళ్ళీ రాలేదు. కాని నా పేరు మీద ఆ చేప కంపు ఓడెక్కకూడదు. పక్కన కూర్చుని చెప్పాను. "నీకోసం కాదు తాతా. నాకు తెలియలేదు. జ్వరంతో నా ముక్కూ నోరూ పోయాయి."

అన్నేళ్ళలో మొదటిసారి తాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ రోజు దొర ఊళ్ళో లేడు, మర్నాడు రాగానే చెప్పాను. జ్వరం నుంచి లేచాక నేను చెప్పిన మాటేదీ నమ్మవద్దని, తొమ్మిదేళ్ళ పీపా చెడిందని, ఇక రానని చెప్పాను. ఎలా చెడిందని దొర అడిగితే, ముసలి పీపాలు అలాగే చెడతాయన్నాను. నా వృత్తిలో ఇంకొకరి కోసం చెప్పిన అబద్ధం అదొక్కటే. గ్లాసు తాతకిచ్చేసి, మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చాను.

"ఏంటండీ ఈ వేళప్పుడు?" అంది నా భార్య.

"మానేశాను. నాలుక పోయింది. ఇక నాకు విడిగా వండకు."

ఆమె ఆకు వేసింది. తనకని వండుకున్న కూర, పచ్చడి, చారు అన్నీ వడ్డించింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఒకే వంట ఇద్దరం తినడం. నాకు ఉప్పూ పులుపూ మంటా తెలిశాయి, అంతే. తినేసి, అలవాటు ప్రకారం ఆకు మడవబోయాను. ఆమె వంగి ఆకు మీద చెయ్యి పెట్టింది.

"ఈ రోజైనా ఉంచండి."

"ఇన్నేళ్ళూ వద్దనుకున్నావు కదా, ఈ నోటి ఎంగిలి ఇప్పుడెందుకు?" అన్నాను. గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"మీ నోటికేమైందండీ?" అంది ఆమె, నిజంగా అర్థంకాక. కాసేపటికి అర్థమైంది. అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. "నాకు చప్పిడి దిగలేదండి. ఉప్పు లేని పప్పు గొంతులో అడ్డం పడేది. మొగుడు నోరు కట్టుకుంటే పెళ్ళానికి కారం కావలసొచ్చిందని సిగ్గేసి, ఆ ఒక్కరోజు వేరే ఆకు వేసుకున్నాను. రెండురోజులు పోతే అలవాటు చేసుకుందామనే అనుకున్నాను. మర్నాడే మీరు మెతుకు ఉంచకుండా తిని, ఆకు తీసుకెళ్ళి పారేశారు. నా మీద అంత కోపమొచ్చిందనుకున్నాను."

"నువ్వు చెప్పొచ్చు కదా."

"మీరు అడగొచ్చు కదా."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సామెత. ఉప్పు దగ్గర వచ్చిన తేడాని అసహ్యమనుకుని, రుచులు తెలిసినవాణ్ణని పేరు పడిన నేను పద్దెనిమిదేళ్ళు పారేసుకున్నాను. ఆ మధ్యాహ్నం నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె నా ఆకులో అన్నం పెట్టుకుని తింటూ తానూ ఏడ్చింది.

తింటూ తింటూ ఉన్నట్టుండి, "నిన్న మీరు పల్లెవాళ్ళింట్లో తిన్నారా?" అంది.

"అదేంటి?"

"నిన్నటి తుండు చేప వాసనేసింది. రాత్రంతా నిద్రపట్టలేదు, కోమటింట పుట్టి ఇదేం ఖర్మరా అని."

పీపా సంగతి చెప్పాను. నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత మెల్లగా తెలిసింది. నేను దండెం మీద పడేసిన తుండు ఉతకబోయేముందు రోజూ వాసన చూసేదట. నేను తాగడం లేదని దానితోనే తెలిసిందట. తాగినవాడి తుండు అలా ఉండదట. "కొన్నాళ్ళు చింతగింజలు వేయించినట్టుండేది. కొన్నాళ్ళు మా కోరుకొండలో అటక మీద పాత తాటాకులు దించినప్పటి వాసన. నాలుగేళ్ళ కిందట కామోసు, కార్తీకంలో ఒకరోజు ఎంత బాగుందనుకున్నారూ, ఎండలో పెట్టిన తేనెపట్టు లాగ. ఆ రోజు తుండు రెండుపూటలు ఉతక్కుండా ఉంచాను."

ఆ పీపా నాకు గుర్తుంది. పద్దెనిమిదేళ్ళలో నేను చూసినవాటిలో అదే గొప్పది. దానికి మాట కోసం వారం రోజులు వెతికాను, దొరకలేదు. గుమాస్తా "గుడ్" అని రాశాడు. ఆ మాట మా దండెం కింద, నా భార్య దగ్గర ఉంది.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళూ ఇద్దరం ఒకేసారి కూర్చుని తిన్నాం, పక్కవాళ్ళు నవ్వుకున్నా లెక్కచేయలేదు. నేను ముద్ద నోట్లో పెట్టుకునేవాణ్ణి, ఆమె రుచి చెప్పేది. "ఇది కందకూరండి, కొంచెం మట్టి వాసన, ఆవపిండి ముక్కుకెక్కుతోంది." "ఈ మామిడికాయ ఇంకా పాలు మానలేదండి, పచ్చి జీడి కంపు." నేను పీపాల గురించి చెబితే ఆమె వినేది, నేను తప్పు మాట వాడితే దిద్దేది. కొన్నాళ్ళకి నోట్లో ఏమీ లేకపోయినా ఆమె చెబుతుంటే నాకు తెలిసినట్టే ఉండేది.

ఆమె పోయాక తమ్ముడి ఇంట్లో తింటున్నాను. వాళ్ళ కోడలు మంచి పిల్ల, వేళకి వడ్డిస్తుంది. నాకిప్పుడు చూపు కూడా తగ్గింది. నిన్న అన్నంలో ఏదో మెత్తగా తగిలింది. ఉప్పు కొంచెం ఎక్కువ, పులుపు లేదు. అడగడం ఇప్పుడు నేర్చుకున్నాను కాబట్టి అడిగాను.

"ఇదేంటమ్మా?"

"కూరేనండి పెదమావయ్యగారూ, తినండి" అంది.

తిన్నాను.